జోసెఫ్ పెట్జ్వాల్

జోసెఫ్ పెట్జ్వాల్ (జనవరి 6, 1807 - సెప్టెంబర్ 17, 1891) హంగేరీ రాజ్యంలో జన్మించి, జీవితంలో అధికభాగం వియన్నా నగరంలో గడిపిన గణిత శాస్త్రవేత్త, ఆచార్యుడు. కెమెరా కటకాన్ని అనుభవం మీద ఆధారపడి అరగదీసి సరిచూసుకునే పద్ధతికి స్వస్తి చెప్పి, ముందుగా కాగితం మీద లెక్క కట్టి నిర్మించే పద్ధతికి ఈయన ఆద్యుడు. 1840లో ఈయన రూపొందించిన చిత్తరువు కటకం వలన మనుషుల ఛాయాచిత్రాలు తీయడం సులభసాధ్యమైంది. కటకాలలో క్షేత్ర వక్రత అనే దోషానికి ఈయన కనుగొన్న నియమం నేటి టెలిఫొటో జూమ్ కటకాల వరకు అన్నిటికీ వర్తిస్తుంది. ఇంత చేసినా కటకం మీద వచ్చిన ధనం ఈయనకు దక్కలేదు. దశాబ్దాలపాటు శ్రమించి వ్రాసుకున్న కాంతి శాస్త్ర గ్రంథం అచ్చుకు నోచుకోలేదు.

బాల్యము, విద్యాభ్యాసము

పెట్జ్వాల్ తాత్రా పర్వతాల చేరువలో ఉన్న స్పిష్‌స్కా బేలా అనే చిన్న పట్టణంలో జన్మించాడు. అప్పట్లో అది హంగేరీ రాజ్యంలో భాగం, నేడు స్లొవేకియా దేశంలో ఉంది. జర్మను మాట్లాడే కుటుంబాలు ఎక్కువగా ఉండిన ప్రాంతమది. తండ్రి బడిపంతులు, చర్చిలో ఆర్గన్ వాద్యకారుడుగా కూడా పనిచేసేవాడు. తండ్రి ఉద్యోగరీత్యా కుటుంబం కెజ్మరోక్, లెవోచా పట్టణాలకు మారింది. జోసెఫ్ సోదరులలో ఒకడైన పీటర్ కూడా తరువాతి కాలంలో గణితశాస్త్ర ఆచార్యుడయ్యాడు.

చిన్నతనంలో జోసెఫ్ లెక్కలలో వెనుకబడి ఉండేవాడనీ, ఇక చదువు అబ్బదని తలచి తల్లిదండ్రులు ఇతనిని చెప్పులు కుట్టే పనిలో పెట్టాలనుకున్నారనీ ఒక కథ ప్రచారంలో ఉంది. ఒక వేసవి సెలవులలో గణిత పాఠ్యపుస్తకం ఒకటి చేతికి చిక్కగా దానిని తనంత తానే చదివి ఆకళించుకున్నాడనీ, అప్పటినుంచి ఆ శాస్త్రంలో వెనుదిరిగి చూడలేదనీ ఆ కథ చెబుతుంది.

కోషిత్సేలోని లైసియంలో చదువు ముగించి, కొంతకాలం ఒక జమీందారీ కుటుంబంలో పిల్లలకు పాఠాలు చెప్పి డబ్బు కూడబెట్టుకున్నాడు. 1826లో పెస్ట్ విశ్వవిద్యాలయానికి అనుబంధంగా ఉన్న ఇంజనీరింగు విద్యాలయంలో చేరి 1828లో పట్టభద్రుడయ్యాడు.

ఇంజనీరు నుంచి ఆచార్యునిగా

చదువు పూర్తయిన తరువాత పెట్జ్వాల్ బుడా నగరపాలక సంస్థలో ఇంజనీరుగా చేరాడు. డాన్యూబ్ నది వరదల నుంచి నగరాన్ని కాపాడే కట్టలు, మురుగునీటి కాలువలు ఈయన పనిలో ముఖ్యమైనవి. ఉద్యోగం చేస్తూనే గణితంలో పరిశోధన సాగించి 1832లో డాక్టరేటు పొందాడు. 1835లో పెస్ట్ విశ్వవిద్యాలయంలో ఉన్నత గణిత శాఖకు ఆచార్యుడయ్యాడు. 1837లో, ముప్పయ్యేళ్ళ వయసులో, వియన్నా విశ్వవిద్యాలయంలో గణితాచార్య పదవి లభించింది. 1877లో పదవీ విరమణ చేసేవరకు నలభై సంవత్సరాలు అక్కడే పనిచేశాడు.

వియన్నాలో ఈయన వాసం కూడా విచిత్రమైనదే. నగరపు అంచున ఉన్న కాలెన్‌బెర్గ్ అనే కొండమీద పాడుబడిన ఒక క్రైస్తవ మఠాన్ని అద్దెకు తీసుకొని అందులో నివసించాడు. అక్కడే కటకాలు అరగదీసే పనిముట్లతో చిన్న కర్మాగారం ఏర్పాటు చేసుకున్నాడు. ఈయన కొండ దిగి గుర్రంమీద విశ్వవిద్యాలయానికి వచ్చి పాఠం చెప్పేవాడని ప్రతీతి.

ఛాయాగ్రహణానికి ఎదురైన ఆటంకం

1839 ఆగస్టు 19న పారిస్‌లో దాగ్యురే ఛాయాగ్రహణ విధానాన్ని ఫ్రెంచి ప్రభుత్వం లోకానికి వెల్లడించింది. ఆ సమయంలో పారిస్‌లో ఉన్న వియన్నా భౌతిక శాస్త్రాచార్యుడు ఆండ్రియాస్ ఫాన్ ఎట్టింగ్స్‌హౌసెన్ ఈ విధానాన్ని స్వయంగా తెలుసుకొని తిరిగి వచ్చాడు. అందులో ఉన్న పెద్ద లోపాన్ని ఆయన పెట్జ్వాల్ దృష్టికి తెచ్చాడు.

ఆ లోపం వెలుతురుకు సంబంధించినది. దాగ్యురే కెమెరాలో వాడిన కటకం పారిస్‌లోని షెవాలియే తయారు చేసినది. బొమ్మ స్పష్టంగా రావాలంటే ఆ కటకం ముందు సన్నని రంధ్రం పెట్టవలసి వచ్చేది. ఆ రంధ్రపు వ్యాసం నాభ్యంతరంలో సుమారు పదహారో వంతు మాత్రమే ఉండేది. అంటే ఈనాటి భాషలో ఎఫ్/16. లోపలికి వచ్చే కాంతి చాలా తక్కువ కనుక పలకకు నిమిషాల తరబడి వెలుతురు సోకాలి. భవనాలకు, శిల్పాలకు అది సరిపోయినా, అంతసేపు కదలకుండా కూర్చోవడం మనిషికి దుర్భరం.

రంధ్రాన్ని వెడల్పు చేస్తే ఈ కష్టం తీరదా అన్న సందేహం కలుగవచ్చు. తీరదు. గోళాకారపు తలాలున్న గాజు కటకం అంచుల గుండా వచ్చిన కిరణాలు, మధ్యగా వచ్చిన కిరణాలు ఒకే బిందువు వద్ద కలవవు. దీనిని గోళీయ విపథనం అంటారు. ఎరుపు, నీలం కిరణాలు వేరువేరు చోట్ల కలుస్తాయి. ఇది వర్ణ విపథనం. బొమ్మ మధ్యనుంచి దూరమయ్యేకొద్దీ బిందువు తోకచుక్కలా సాగడం కోమా. బిందువు అడ్డంగానో నిలువుగానో గీతలా మారడం ఆస్టిగ్మాటిజం. రంధ్రం పెద్దదయ్యేకొద్దీ వీటి ప్రభావం పెరుగుతుంది. రెండు మూడు గాజు ముక్కలను చేర్చి ఈ దోషాలను పరస్పరం రద్దు చేయవచ్చు. కాని ఏ తలానికి ఎంత వంపు ఉండాలి, ఏ ముక్క ఎంత దూరంలో ఉండాలి అన్నది అరగదీసి చూస్తూ కనుగొనడానికి ఏళ్ళు పడుతుంది. పెట్జ్వాల్ దీనిని గణిత సమస్యగా తీసుకున్నాడు.

చిత్తరువు కటకం

ఆ కాలంలో లెక్కించే యంత్రాలు లేవు. ఒక్కొక్క కిరణం ఒక్కొక్క తలం వద్ద ఎంత వంగుతుందో సంవర్గమాన పట్టికల సాయంతో చేతితో లెక్కించాలి. ఆస్ట్రియా సైన్యంలో ఫిరంగి దళానికి అధిపతి అయిన ఆర్చ్‌డ్యూక్ లుడ్విగ్ ఈ పనికి సహాయంగా సుమారు పదిమంది సైనికులను పంపాడు. ఫిరంగి గుండ్ల గమనాన్ని గుణించడంలో వారు ఆరితేరినవారు. వారి సహాయంతో పెట్జ్వాల్ ఏడాది లోపలే, 1840లో, రెండు కటకాల నమూనాలు సిద్ధం చేశాడు. వాటిలో మొదటిది మనుషుల చిత్రాలకు, రెండవది ప్రకృతి దృశ్యాలకు.

మొదటి నమూనాలో నాలుగు గాజు కటకాలు రెండు జంటలుగా ఉంటాయి. ముందు జంటలో క్రౌన్ గాజు, ఫ్లింట్ గాజు కటకాలు ఒకదానికొకటి అతికించి ఉంటాయి. వెనుక జంటలో అవే రెండు రకాల గాజు కటకాల మధ్య సన్నని గాలి సందు ఉంటుంది. రెండు జంటల మధ్య చాలా దూరం ఉంటుంది. దీని రంధ్రం ఎఫ్/3.6. షెవాలియే కటకంతో పోలిస్తే పలకను చేరే కాంతి దాదాపు ఇరవై రెట్లు పెరిగింది. అదే కాలంలో పలకలకు పూసే రసాయనాలు కూడా మెరుగుపడటంతో వెలుతురు సోకవలసిన వ్యవధి నిమిషం లోపలికి దిగింది. యూరపు, అమెరికా పట్టణాలలో చిత్తరువులు తీసే స్టూడియోలు వెలియడానికి ఈ కటకం ముఖ్య కారణాలలో ఒకటి.

ఈ కటకాన్ని తయారు చేసినవాడు వియన్నాలోని ప్రసిద్ధ కటక నిర్మాత ఫ్రీడ్రిష్ వోయిట్‌లాండర్. ఈయన తాత 1756లో స్థాపించిన సంస్థ అది. సుమారు 150 మిల్లీమీటర్ల నాభ్యంతరం గల ఈ కటకాన్ని పూర్తిగా ఇత్తడితో చేసిన గొట్టం వంటి కెమెరాకు అమర్చి 1841లో అమ్మకానికి పెట్టాడు. దాని మీద తీసిన బొమ్మ గుండ్రంగా, సుమారు 9 సెంటీమీటర్ల వ్యాసంతో ఉండేది.

క్షేత్ర వక్రత - పెట్జ్వాల్ నియమం

చిత్తరువు కటకంలో గోళీయ విపథనం, కోమా బాగా తగ్గాయి. మధ్యభాగంలో బొమ్మ అత్యంత స్పష్టంగా ఉండేది. అంచులలో మాత్రం అంత స్పష్టత లేదు. దీనికి కారణమైన క్షేత్ర వక్రతకు సూత్రాన్ని పెట్జ్వాల్ కనుగొన్నాడు.

కటకం ఏర్పరచే ప్రతిబింబం సహజంగా బల్లపరుపు తలం మీద పడదు. గిన్నె అడుగులా వంగిన తలం మీద పడుతుంది. ఛాయాచిత్రపు పలక మాత్రం బల్లపరుపుగా ఉంటుంది. మధ్యలో సరిపెడితే అంచులు, అంచులలో సరిపెడితే మధ్యభాగం మసకబారతాయి. ఒక ఉదాహరణ చూద్దాం. వక్రీభవన గుణకం 1.5, నాభ్యంతరం 150 మిల్లీమీటర్లు గల ఒక్క కుంభాకార కటకం తీసుకుంటే, ఆస్టిగ్మాటిజం లేదనుకున్నప్పుడు, ప్రతిబింబ తలపు వక్రతా వ్యాసార్థం ఆ రెండింటి లబ్ధం, అంటే 225 మిల్లీమీటర్లు. మధ్యనుంచి 45 మిల్లీమీటర్ల దూరంలో ఆ తలం పలకకు 4.5 మిల్లీమీటర్లు ముందుకు వస్తుంది. ఎఫ్/3.6 రంధ్రంతో అక్కడ చుక్క కాస్తా ఒకటింబావు మిల్లీమీటరు వెడల్పు గల మచ్చ అవుతుంది.

అనేక కటకాలున్న వ్యవస్థలో ప్రతి కటకపు సామర్థ్యాన్ని దాని వక్రీభవన గుణకంతో భాగించి, వచ్చిన వాటన్నిటినీ కూడాలి. కుంభాకార కటకాలకు ధన సంఖ్య, పుటాకార కటకాలకు ఋణ సంఖ్య. ఈ మొత్తం సున్న అయితే, ఆస్టిగ్మాటిజం కూడా లేనప్పుడు, క్షేత్రం చదునవుతుంది. దీనినే పెట్జ్వాల్ నియమం అని, ఆ మొత్తాన్ని పెట్జ్వాల్ మొత్తం అని పిలుస్తారు. ఇందులో గమనించవలసిన విషయం ఏమిటంటే, కటకాల మధ్య దూరాలకు గాని, వాటి ఆకారానికి గాని, రంధ్రం ఉన్న చోటుకు గాని ఈ సూత్రంలో స్థానం లేదు.

తన చిత్తరువు కటకంలో పెట్జ్వాల్ ఈ మొత్తాన్ని సున్న చేయలేకపోయాడు. ఇందుకు ఆనాటి గాజు అడ్డు వచ్చింది. రంగులను కలపడానికి పుటాకార కటకాన్ని ఎక్కువ వక్రీభవన గుణకం గల ఫ్లింట్ గాజుతో చేయాలి. క్షేత్రం చదును కావాలంటే తక్కువ గుణకం గల గాజుతో చేయాలి. రెండూ ఒకేసారి సాధ్యం కాలేదు. అందుచేత కొంత ఆస్టిగ్మాటిజాన్ని ఉండనిచ్చి, దాని సాయంతో వంపును పాక్షికంగా సరిదిద్దాడు. చిత్తరువులో ముఖం మధ్యలోనే ఉంటుంది కనుక ఈ రాజీ సరిపోయింది.

వోయిట్‌లాండర్‌తో తగాదా

పెట్జ్వాల్ తన నమూనాను వోయిట్‌లాండర్‌కు ఇచ్చినందుకు ఒకే విడతగా 2,000 గిల్డర్లు పుచ్చుకున్నాడు. అమ్మకాలలో వాటా గురించి గట్టి ఒప్పందమేదీ చేసుకోలేదు. ఆస్ట్రియా వెలుపల పేటెంటు రక్షణ లేకపోవడంతో ఇతర దేశాల నిర్మాతలు కూడా ఈ కటకాన్ని అనుకరించారు. వోయిట్‌లాండర్ సంస్థ 1862 నాటికి సుమారు 60,000 కటకాలు తయారు చేసింది.

1845 నాటికే ఇద్దరికీ చెడింది. వోయిట్‌లాండర్ 1849లో జర్మనీలోని బ్రౌన్‌ష్వైగ్‌లో కర్మాగారం నెలకొల్పి ఉత్పత్తి కొనసాగించాడు. 1850 దశకంలో పెట్జ్వాల్ తన రెండవ నమూనాను, అంటే ప్రకృతి దృశ్యాల కటకాన్ని, డీట్జ్‌లర్ అనే మరొక వియన్నా నిర్మాత చేత తయారు చేయించాడు. మొదటి సహకార కాలంలోనే ఆ నమూనా వివరాలు తెలిసి ఉన్న వోయిట్‌లాండర్ అదే కటకాన్ని ఆర్థోస్కోప్ అనే పేరుతో విడుదల చేశాడు. ఈ పోటీకి తట్టుకోలేక డీట్జ్‌లర్ వ్యాపారం దెబ్బతిన్నది. అయితే లెక్కను గాజుగా మార్చిన నైపుణ్యం వోయిట్‌లాండర్‌దేననీ, పెట్టుబడి, నష్టభయం కూడా ఆయనవేననీ ఇక్కడ చెప్పుకోవాలి. తప్పంతా ఒకరిదేనని తేల్చడం కష్టం.

డాప్లర్ సిద్ధాంతంపై వివాదం

పెట్జ్వాల్ 1849 నుంచి వియన్నా విజ్ఞాన అకాడమీ సభ్యుడు. 1852లో అదే నగరంలోని భౌతిక శాస్త్రవేత్త క్రిస్టియన్ డాప్లర్ ప్రతిపాదించిన సిద్ధాంతాన్ని ఈయన అకాడమీ సమావేశాలలో తీవ్రంగా వ్యతిరేకించాడు. మాధ్యమం కదిలినంత మాత్రాన కంపన కాలం మారదన్నది ఈయన వాదం. ఆ గణితం సరియైనదే గాని, డాప్లర్ చెప్పినది ధ్వని లేదా కాంతి జనకము, పరిశీలకుడు ఒకరి పట్ల ఒకరు కదిలే సందర్భం. రెండూ వేరు. తరువాతి ప్రయోగాలు డాప్లర్ పక్షాన్నే నిలిచాయి. అప్పటికే అనారోగ్యంతో ఉన్న డాప్లర్ 1853 మార్చిలో వెనిస్‌లో మరణించాడు. లెక్కలో అసాధ్యుడైన పెట్జ్వాల్, ఎదుటివాని ఆలోచన అర్థం చేసుకోవడంలో తొందరపడిన సందర్భంగా దీనిని చెప్పుకుంటారు.

అచ్చుకాని గ్రంథం

పెట్జ్వాల్ తన కాంతి శాస్త్ర పరిశోధనల సారాంశాన్ని 1843లో ఒక చిన్న పుస్తకంగా ప్రకటించాడు. అందులో ఫలితాలున్నాయి గాని వాటిని రాబట్టిన విధానం పూర్తిగా లేదు. వివరాలన్నిటినీ ఒక పెద్ద గ్రంథంలో ఇవ్వాలని ఆయన ఉద్దేశం. ఆ వ్రాతప్రతిని ఏళ్ళ తరబడి మెరుగుపరుస్తూ వచ్చాడు.

1859లో ఈయన ఇంట దొంగలు పడ్డారు. ఆ సంఘటనలో వ్రాతప్రతులు నాశనమయ్యాయి. వాటిని తిరిగి వ్రాయడం ఈయనకు సాధ్యపడలేదు. క్రమేణా కాంతి శాస్త్రాన్ని వదలి, ధ్వని శాస్త్రం, కంపించే తీగల సిద్ధాంతం వైపు మళ్ళాడు. ఏకఘాత అవకలన సమీకరణాలపై ఈయన వ్రాసిన రెండు సంపుటాల గ్రంథం మాత్రం 1853, 1859 సంవత్సరాలలో వెలువడింది.

ఈలోగా మ్యూనిక్‌కు చెందిన లుడ్విగ్ సీడెల్ 1856లో కటక దోషాల సిద్ధాంతాన్ని సమగ్రంగా ప్రచురించాడు. గోళీయ విపథనం, కోమా, ఆస్టిగ్మాటిజం, క్షేత్ర వక్రత, విరూపణ అనే అయిదు దోషాలకు నేడు సీడెల్ పేరే ఉంది. పెట్జ్వాల్ వీటిలో ఎంతవరకు ముందే సాధించాడో నిర్ణయించడానికి ఆధారాలు మిగలలేదు. ఆయన పేరుతో నిలిచినది క్షేత్ర వక్రత నియమం ఒక్కటే.

చివరి రోజులు

పెట్జ్వాల్ 1869లో, 62 ఏళ్ళ వయసులో, తన ఇంటి పనులు చూసే స్త్రీని వివాహం చేసుకున్నాడు. నాలుగేళ్ళకే ఆమె మరణించింది. వారికి సంతానం లేదు. 1877లో పదవీ విరమణ తరువాత లోకంతో సంబంధాలు తెంచుకొని ఏకాంతంగా జీవించాడు. 1891 సెప్టెంబర్ 17న, 84వ ఏట, వియన్నాలో మరణించాడు. అప్పటికి ఈయనను గుర్తుంచుకున్నవారు కొద్దిమందే.

జెనాలో ఎర్నెస్ట్ అబ్బే, ఒట్టో షాట్ కలిసి 1880 దశకంలో కొత్త రకం గాజులు తయారు చేశారు. వక్రీభవన గుణకం ఎక్కువగా ఉండి, రంగులను తక్కువగా విడదీసే ఈ గాజుతో పెట్జ్వాల్ నియమాన్ని, వర్ణ నియమాన్ని ఒకేసారి పాటించడం వీలయింది. జైస్ సంస్థలో పాల్ రుడాల్ఫ్ 1890లో రూపొందించిన అనాస్టిగ్మాట్ కటకం ఇటువంటిది. పెట్జ్వాల్ అర్ధ శతాబ్దం క్రితం వ్రాసిన సూత్రానికి తగిన గాజు ఆయన మరణానికి కొద్దికాలం ముందు దొరికిందన్నమాట.

టెలిఫొటో, జూమ్ కటకాలలో పెట్జ్వాల్ నియమం

పెట్జ్వాల్ మరణించిన 1891 సంవత్సరంలోనే ఇంగ్లండులో డాల్‌మేయర్, జర్మనీలో మీథే, స్టైన్‌హీల్ విడివిడిగా టెలిఫొటో కటకాలను రూపొందించారు. వీటిలో ముందు కుంభాకార వర్గం, దానికి కొంత దూరంలో పుటాకార వర్గం ఉంటాయి. దీనివలన గొట్టం పొడవు నాభ్యంతరం కంటే తక్కువవుతుంది. పుటాకార వర్గం ఇచ్చే ఋణ సంఖ్య వలన పెట్జ్వాల్ మొత్తం కూడా తగ్గుతుంది; కొన్ని నిర్మాణాలలో అవసరానికి మించి తగ్గుతుంది కూడా.

జూమ్ కటకాలలో వర్గాలు ముందుకు, వెనుకకు జరిగి నాభ్యంతరాన్ని మారుస్తాయి. వర్గాల మధ్య దూరం మారినా ఒక్కొక్క వర్గపు సామర్థ్యం మారదు. దూరాలకు పెట్జ్వాల్ సూత్రంలో స్థానం లేదని పైన చూశాము. కాబట్టి నాభ్యంతరం 70 మిల్లీమీటర్ల నుంచి 200కు మారినా పెట్జ్వాల్ మొత్తం ఒక్కటిగానే ఉంటుంది. ఆ మొత్తం మొదటే పెద్దదైతే ఎన్ని జరుపులు జరిపినా దానిని పోగొట్టలేము. అందుకే జూమ్ కటకం నిర్మించేవారు వర్గాల సామర్థ్యాలను నిర్ణయించే దశలోనే దీనిని సరిచూసుకుంటారు. గోళీయ విపథనం, కోమా వంటివి మాత్రం జూమ్ చేసేటప్పుడు మారుతూ ఉంటాయి.

నేపథ్యపు మసక

ముఖం స్పష్టంగా ఉండి వెనుక దృశ్యం మసకబారే చిత్తరువు లక్షణం ఈ కటకంతో ప్రస్ఫుటమైంది. నాభ్యంతరం ఎక్కువై, రంధ్రం వెడల్పుగా ఉన్నపుడు స్పష్టంగా కనబడే లోతు తగ్గుతుంది. వెనుక ఉన్న ప్రతి వెలుగు చుక్క పలకమీద ఒక బిళ్ళగా పడుతుంది. ఆ బిళ్ళ తీరును కటక దోషాలే నిర్ణయిస్తాయి.

గోళీయ విపథనాన్ని కాస్త తక్కువగా సరిదిద్దితే నేపథ్యపు బిళ్ళ అంచులు పలుచబడి మసక మృదువుగా ఉంటుంది. అతిగా సరిదిద్దితే బిళ్ళ చుట్టూ వెలుగు వలయం ఏర్పడి నేపథ్యం గజిబిజిగా కనిపిస్తుంది. చిత్రం అంచులలో కటకపు గొట్టం కొన్ని కిరణాలను అడ్డుకొనడం వలన గుండ్రని బిళ్ళ పిల్లికన్ను ఆకారంలోకి మారుతుంది. నేటి టెలిఫొటో జూమ్ కటకాలలో పూర్తి రంధ్రం వద్ద ఇది కనిపిస్తుంది. రంధ్రాన్ని తగ్గిస్తే బిళ్ళలు మళ్ళీ గుండ్రమవుతాయి. పెట్జ్వాల్ కటకంలో పొడవైన గొట్టం వలన ఈ ప్రభావం హెచ్చు. దానికి క్షేత్ర వక్రత, ఆస్టిగ్మాటిజం తోడై, నేపథ్యంలోని ఆకులు, వెలుగులు ముఖం చుట్టూ సుడి తిరిగినట్లు కనిపిస్తాయి.

పెట్జ్వాల్ దీనిని దోషంగానే భావించి పోగొట్టాలని ప్రయత్నించాడు. తరువాతి తరాలవారికి అదే ఆకర్షణ అయింది. 2013లో లోమోగ్రఫీ సంస్థ ప్రజల నుంచి చందాలు సేకరించి, ఈ సుడి మసక కోసమే పెట్జ్వాల్ నమూనా కటకాన్ని ఆధునిక కెమెరాలకు తగినట్లుగా మళ్ళీ విడుదల చేసింది. అంతకుముందు 20వ శతాబ్దమంతా సినిమా ప్రొజెక్టర్ల కటకాలలో చాలా భాగం ఈ వర్గానికి చెందినవే.

గుర్తింపు

పెట్జ్వాల్ వియన్నా కేంద్ర శ్మశానవాటికలో సమాధి చేయబడ్డాడు. ఆ నగరంలో ఒక వీధికి ఈయన పేరు పెట్టారు. చంద్రుని ఆవలి వైపున ఉన్న ఒక బిలానికి పెట్జ్వాల్ బిలమని పేరు. స్పిష్‌స్కా బేలాలో ఈయన జన్మించిన ఇంటిని మ్యూజియంగా తీర్చి, అందులో పాత కెమెరాలను, కటకాలను ప్రదర్శిస్తున్నారు.